హెర్బేరియం రికార్డులోని చోటును ఎంతవరకు నమ్మవచ్చు?
హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటు. అక్కడి పాత రికార్డు చూపిన చోటే ఒక అడవిపువ్వు నిజంగా పూసిందా అని ఒకరు అడిగారు. పటంలోని చుక్క కంటే ముందు నమూనా లేబుల్ చదవండి. జీపీఎస్ రాకముందు చాలామంది సేకర్తలు "ఊరికి తూర్పున, వాగు ఒడ్డు, ఇసుక నేల" అన్నంత వరకే రాసేవారు. అక్షాంశ, రేఖాంశాలను తర్వాతివారు ఆ మాటలను బట్టి అంచనా వేసి చేర్చారు. జీవజాతుల రికార్డులను అందరికీ అందించే అంతర్జాతీయ వేదిక జీబీఐఎఫ్ రికార్డుల్లో ఈ అంచనా ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో చెప్పే గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే తొందరపడి నమ్మకండి. సరిగ్గా జిల్లా నడిమధ్యన పడిన చుక్కనైతే మరీ అనుమానించాలి, అసలు చోటు తెలియక జిల్లా పేరును బట్టే పెట్టి ఉండవచ్చు. ఒకే సేకర్త పేరు, అదే సేకరణ సంఖ్య, అదే తేదీ రెండు హెర్బేరియంలలో కనిపిస్తే సాధారణంగా అవి ఒకే సేకరణలోని జంట నమూనాలు, రెండుసార్లు లెక్కించకూడదు. అరుదైన మొక్కల చోటును మాత్రం దొంగల భయంతో కావాలనే దాస్తారు. దాచాల్సిందే కూడా.