పొయ్యికీ ఊపిరాడాలి
(ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: కిందటి అక్టోబరులో ఇక్కడ మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో పాత ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నాం. ఏలూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. మొన్న మంచు తుఫాను రాత్రి, ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు ఫర్నేసు ఆగిపోయింది. మావారు బేస్‌మెంటులోకి వెళ్ళి స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే రెండు నిమిషాలు నడవడం, ఆగడం. అలా ఏడెనిమిది సార్లు. తెల్లవారాక చూస్తే పక్క గోడలోంచి బయటికి వచ్చే రెండు తెల్ల గొట్టాలూ మంచులో కూరుకుపోయి ఉన్నాయి. మంచు తీసేశాక బాగానే నడుస్తోంది. ఇక భయం లేదనుకోవచ్చా? అన్నట్టు, అమ్మకు వారం రోజులుగా పొద్దున లేవగానే తలనొప్పి. చలి పడక అంటోంది.
— ఒక పాఠకురాలు, ట్రాయ్

జవాబు: అమ్మా, మీరు ‘అన్నట్టు’ అని చివర తగిలించిన మాటే నా కంటికి ముందు ఆనింది. అందుకే పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఉత్తరం చదివిన రోజే మీకు ఫోను చేశాను. తక్కిన పాఠకుల కోసం, మీ అనుమతితో, ఆ కథంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను అడిగింది ఒక్కటే. అమ్మగారు గుడికో, కూరల కొట్టుకో వెళ్ళి రెండు గంటలు బయట ఉంటే తలనొప్పి తగ్గుతోందా? ‘తగ్గుతోందండీ. నాన్నకు కూడా పొద్దున్నే వికారంగా ఉంటోందట’ అన్నారు మీరు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే బాధ, గడప దాటితే ఉపశమనం. ఇక చలి మీదికి నెట్టేయడానికి వీల్లేదు. అందరూ కోట్లు తొడుక్కుని బయటికి వచ్చి, అక్కడి నుంచి 911కి ఫోను చేయమన్నాను. అగ్నిమాపక సిబ్బంది మీటరు పెట్టి చూస్తే అమ్మానాన్నల పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ 38 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 38 వంతులు) ఉంది.

ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. వంటగ్యాసుకు, ఫర్నేసుకు వచ్చే గ్యాసుకు కుళ్ళిన గుడ్డు వాసన కావాలని కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కు చెబుతుంది. గ్యాసు సరిగ్గా మండక పుట్టే మోనాక్సైడ్‌ను ముక్కు పట్టలేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళు లేవకుండానే పోయేది ఇందుకే.

మరి ఈ వాయువును పసిగట్టే అలారం ఏమైంది? హోమం పొగకు మోగి గోల చేస్తుందని, పురోహితులు రాకముందే ఊడదీసి డ్రాయర్లో పెట్టారట. మిమ్మల్ని ఒక్కరినే అనను. ఇక్కడ 22 చలికాలాలు ఇళ్ళు తనిఖీ చేశాను. మనవాళ్ళ డ్రాయర్లలో దొరికినన్ని అలారాలు కొట్లో కూడా ఉండవేమో. కాకపోతే ఒక సంగతి. మామూలు అలారం గోడకే ఉన్నా 38కి మోగేది కాదు. 70 పీపీఎం ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగాలి, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల లోపు మోగాలి. ఇక్కడి ప్రమాణం అలాగే ఉంది. పెద్దవాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో 10, 20 స్థాయిలను కూడా అంకెల్లో చూపే మీటరు పడకగదుల దగ్గర ఒకటి అదనంగా పెట్టుకోండి. వెనుక ముద్రించిన గడువు తేదీ కూడా చూడండి. అలారాలు అయిదు నుంచి పదేళ్ళకు ముసలివైపోతాయి, బ్యాటరీ మార్చినా లాభం ఉండదు. నాలుగు కూతలు, విరామం, మళ్ళీ నాలుగు కూతలు వస్తే మోనాక్సైడ్. మూడేసి వస్తే పొగ. ఎప్పుడో ఒక కిచకిచ వినిపిస్తే బ్యాటరీ అయిపోవచ్చింది.

ఇక మీ గొట్టాల సంగతి. బేస్‌మెంటులో ఉన్నదీ పొయ్యే. మన ఊళ్ళో వంటింటి పొగగొట్టం మూసుకుపోతే ఏమవుతుందో దీనికీ అంతే. ఒక తెల్ల గొట్టం బయటి గాలి పీలుస్తుంది, రెండోది మండిన వాయువును వదులుతుంది. ఏది మూసుకున్నా, ప్రెషర్ స్విచ్చి అనే చిన్న పరికరం గమనించి గ్యాసు ఆపేస్తుంది. ఆ రాత్రి ఫర్నేసు ఆగడం చెడిపోవడం కాదు, మిమ్మల్ని కాపాడటం. మీవారు ఏడెనిమిది సార్లు దానితో పోట్లాడారు. అంతటితో ఆగినందుకు సంతోషం. తీగ ముక్క కట్టి ఆ స్విచ్చికి పని లేకుండా చేసిన ఇళ్ళు నేను రెండు చూశాను. ఆ రాత్రే వాళ్ళను అక్కడ పడుకోనివ్వలేదు.

మీ ఇంట్లో అసలు లోపం మంచు కాదు. మెకానిక్ వచ్చి చూస్తే, వదిలే గొట్టానికి ఫర్నేసు పైన ఉన్న అతుకు జిగురు పెట్టకుండా వదిలేశారు. ఊడి వేలెడు సందు పడింది. పీల్చే గొట్టంలో ఎండుటాకులు ఇరుక్కున్నాయి. గాలి చాలక మంట సరిగ్గా మండలేదు, ఆ వాయువు సందులోంచి ఇంట్లోకే వచ్చింది. రెండూ గంటన్నర పని. ఇల్లు కొనేముందు ఎవరూ పైకి తలెత్తి ఆ అతుకును చూడలేదన్నమాట. నా వృత్తి వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

ఇకముందు మంచు పడినప్పుడల్లా ఆ గొట్టాల చుట్టూ చేత్తోనే తీయండి. పార తగిలితే పగులుతాయి. మంచు విసిరే యంత్రం మూతి అటు తిప్పవద్దు. ఫర్నేసుకు ఉన్న చిన్న గాజు కిటికీలోంచి చూస్తే మంట నీలంగా, నిలకడగా కనబడాలి. పసుప్పచ్చగా, బద్ధకంగా ఊగుతుంటే ఆపేసి మనిషిని పిలవండి. చలికాలం మొదట్లో తొలిసారి వెలిగించినప్పుడు వచ్చే దుమ్ము కాలిన వాసన మాత్రం మామూలే, కాసేపటికి పోతుంది.

ప్రశ్న: తాలింపు ఘాటు ఇల్లంతా పట్టేస్తోందని పొయ్యి మీద 900 సీఎఫ్ఎం (నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగే) హుడ్ పెట్టించుకున్నాం. ‘మీ వాటర్ హీటరు ఏ రకం?’ అని బిగించినతను అడిగాడు. సంబంధం ఏమిటి?
— ఒక పాఠకుడు, నోవై

జవాబు: చాలా ఉంది. అతను తెలివైనవాడు. ఆ హుడ్ బయటికి నెట్టిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. చలికి తలుపులన్నీ బిగించి ఉన్న ఇంట్లో దానికి దొరికే దారి వాటర్ హీటరు పొగగొట్టమే. పైకి పోవాల్సిన వాయువు వెనక్కి దిగుతుంది. ఇక్కడి నిర్మాణ నియమాల్లో 400 సీఎఫ్ఎం దాటిన హుడ్‌కు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలన్నది ఇందుకే. రెండు తెల్ల గొట్టాల ఫర్నేసుకు ఈ బెడద తక్కువ. పైన ఇనుప గొట్టం, ఆ గొట్టం మొదట్లో గొడుగు లాంటి మూత ఉన్న పాత వాటర్ హీటరుకే ఎక్కువ.

ఒక పరీక్ష చేయండి. కిటికీలు మూసి, హుడ్, స్నానాల గదుల ఫ్యాన్లు, బట్టలు ఆరబెట్టే యంత్రం అన్నీ వేయండి. వేడినీళ్ళ కుళాయి తిప్పి హీటరు వెలిగిన అయిదు నిమిషాలకు ఆ గొడుగు అంచు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ ఆ గొట్టంలోకి పోతే మంచిదే. మీ మొహం మీదికి వస్తే హుడ్ ఆపి, కిటికీ తీసి, మెకానిక్‌ను పిలవండి. అతను వచ్చి చూసేదాకా పోపు కిటికీ తీసి పెట్టుకోండి, హుడ్ జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: సంక్రాంతి బొమ్మల కొలువు అట్టపెట్టెలన్నీ ఫర్నేసు గదిలోనే పెడతాం. పరవాలేదా? కరెంటు పోతే వెచ్చదనానికి కుంపటి వెలిగించుకోవచ్చా అని మా మామగారు అడుగుతున్నారు.
— ఒక పాఠకురాలు, షికాగో శివారు

జవాబు: పెట్టెలను ఫర్నేసుకు మూడడుగుల దూరం జరపండి. రంగు డబ్బాలు, పెట్రోలు అసలు ఆ గదిలో ఉంచకండి. ఫిల్టరు మార్చేటప్పుడు దాని మీది బాణం ఫర్నేసు వైపు ఉండాలి.

కుంపటి వద్దని మామగారికి మీవారి చేత చెప్పించండి. మన ఊళ్ళో పెంకుటింట్లో వెలిగిస్తే కప్పు సందుల్లోంచి గాలి ఆడేది, ఇక్కడి ఇళ్ళకు ఆ సందులు లేవు. గ్యాసు ఓవెను తలుపు తీసి చలి కాచుకోవడం కూడా అంతే. జనరేటరు గ్యారేజీలో తలుపు ఎత్తి పెట్టినా వద్దు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ వచ్చే వైపు కిటికీలకు ఎదురుగా లేకుండా పెట్టండి.