రేకుల పని గుత్తకు ఇస్తున్నారా? కప్పు ఎక్కనిచ్చే ముందు ఇవి చూసుకోండి

ప్రశ్న: లాయరు గారూ, మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తగారు, పిల్లలు. కిందటి ఏడాది వేసవిలో పాత పెంకుల కప్పు దించేసి ఇనుప ఫ్రేము మీద కలర్ కోటెడ్ రేకులు వేయడానికి ఒక కాంట్రాక్టరుకు 2 లక్షల 80 వేలకు గుత్తకు ఇచ్చాం. కాగితం రాసుకోలేదు. మా ఆయన ఫోన్‌పేలో 1 లక్షా 40 వేలు పంపారు, నేను చేతికి 60 వేలు ఇచ్చాను. సగం రేకులు వేసి వెళ్లిపోయాడు. వేసిన చోట కూడా కారుతోంది, ఫోన్ ఎత్తడు. ఇప్పుడు ఇంకొకతను చేస్తానంటున్నాడు, సగం డబ్బు ముందే అడుగుతున్నాడు. ఇతన్ని నమ్మొచ్చా? పాతవాడి మీద పోలీసు కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, కొత్తతను ఇంకా కప్పు ఎక్కలేదు కదా? కొన్నాళ్లు ఎక్కనివ్వకండి. మీ రెండు ప్రశ్నలకూ ముడి ఇక్కడే ఉంది. పాతవాడు చేసిన చెడ్డ పనే మీకున్న పెద్ద సాక్ష్యం. కొత్తవాడు వచ్చి ఆ రేకులు ఊడదీసి మళ్లీ బిగించాడంటే, రేపు కేసు వేసినప్పుడు "నేను బాగానే వేశాను, తర్వాత వచ్చినవాడు పాడు చేశాడు" అని పాతవాడు అంటాడు, ఆ మాట తప్పని చూపించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

అందుకని ముందు ఫోటోలు, వీడియోలు తీయించండి. కారుతున్న చోటు లోపలి నుంచీ పైనుంచీ కనిపించాలి, రేకు మీద అచ్చు వేసిన కంపెనీ పేరు, మందం కూడా. ఆ తర్వాత లైసెన్సు ఉన్న సివిల్ ఇంజనీరును పిలిచి, ఎంత పని జరిగింది, ఏమేం లోపాలున్నాయి, సరిచేయడానికి ఎంతవుతుంది అని సంతకం, తేదీతో రిపోర్టు రాయించుకోండి. దానికయ్యే నాలుగు డబ్బులకు వెనకాడకండి. ఇలాంటి కేసులు చాలావరకు పోయేది చట్టం లేక కాదు, పని నాసిరకం అని నిపుణుడు చెప్పిన కాగితం లేక.

ఒప్పందం రాసుకోలేదని టెన్షన్ పడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, కాకపోతే నిరూపించుకోవాలి. ఫోన్‌పే చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటాయి. చేతికిచ్చిన 60 వేలదే చిక్కు. అతనికి వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా నెలలో చేతికి 60 వేలు, ఫోన్‌పేలో 1 లక్షా 40 వేలు, మొత్తం 2 లక్షలు తీసుకున్నారు, మిగతా పని ఎప్పుడు చేస్తారు?" అని. "వచ్చే వారం వస్తానమ్మా" అని ఒక్క జవాబు వచ్చినా, డబ్బు తీసుకున్న సంగతి కాదనలేదు కాబట్టి మీకు పనికొస్తుంది. ఆ చాట్లు ఉన్న ఫోను మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి. వాట్సాప్ ప్రింట్లు సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జత చేయాలి, అది దాఖలు చేసేటప్పుడు చూసుకోవచ్చు.

ఇక పోలీసు కేసు. మీ కోపం అర్థమవుతోంది, కానీ ఉన్నదున్నట్టు చెప్పాలి. మోసం, అంటే నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318, నిలబడాలంటే మొదటి రోజు డబ్బు తీసుకునేటప్పుడే పని చేసే ఉద్దేశం అతనికి లేదని చూపించాలి. ఒప్పందం తప్పడం వేరు, మోసం వేరు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. మీవాడు సగం రేకులు వేశాడు కాబట్టి ఇది సివిల్ తగాదా అనే స్టేషన్‌లో అంటారు. ఇలాగే ఇంకా చాలామంది దగ్గర అడ్వాన్సులు తీసుకుని ఎగ్గొట్టాడని తెలిస్తే మాత్రం అందరూ కలిసి ఫిర్యాదు ఇవ్వండి, అప్పుడు కథ మారుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టుకోవచ్చు, దానివల్ల అతని మీద కొంత ఒత్తిడి పడుతుంది గానీ డబ్బు ఇప్పించే అధికారం ఆ వేదికకు లేదు.

మీకు సరైన దారి శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టే పని కూడా సేవే అని 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఇప్పుడున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఆ మాట ఉంది. మీరు పనిని గుత్తకు ఇచ్చారు కాబట్టి మీరు వినియోగదారులే. అలా కాకుండా రోజుకూలీ ఇచ్చి మీరే దగ్గరుండి చేయించుకుని ఉంటే ఇక్కడ కేసు కష్టమయ్యేది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయరు కూడా తప్పనిసరి కాదు. కాంట్రాక్టరు ఏ జిల్లావాడైనా మీరుండే చోటే వేయొచ్చు. సొమ్ము వెళ్లింది మీ ఆయన ఖాతా నుంచి కాబట్టి ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ పెట్టండి.

గడువు రెండేళ్లు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన పల్లెల్లో ముందు పెద్దల్లో పెట్టడం అలవాటు, తప్పేమీ లేదు, చాలా తగాదాలు అక్కడే తెగుతాయి కూడా. కానీ పండగ అయ్యాక, జీడి పంట అమ్మాక అని వాయిదాలు వేస్తూ పోతే రెండేళ్లు తెలీకుండానే దాటిపోతాయి, పెద్దమనుషుల మాట కోసం చట్టం గడువు ఆగదు. పెద్దల్లో రాజీ కుదిరితే తేదీ, సొమ్ము, సంతకాలతో కాగితం మీద పెట్టించండి. అంతకంటే మంచిది, మీ దగ్గరి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వడం. పాతవాడు వచ్చి రాజీ పడితే అక్కడ ఇచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం కూడా మీ హక్కు. 15100కు ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు కొత్తతని సంగతి. నమ్మొచ్చా అని అడిగారు. అతను ఎవరో నాకు తెలియదు, తెలిసినా నా సలహా మారదు. మీ డబ్బు ఎప్పుడూ అతని పని వెనకే నడవాలి, ముందు నడవకూడదు. అలా ఏర్పాటు చేసుకుంటే మనిషి మంచివాడైనా కాకపోయినా మీకు పెద్ద నష్టం రాదు.

సగం డబ్బు ముందు అడిగినంత మాత్రాన మోసగాడు అనుకోకండి, సామాను కొనడానికి చేతిలో డబ్బు లేని మేస్త్రీలే ఎక్కువ. దానికి సులువైన ఉపాయం ఉంది. రేకులు, పైపులు, స్క్రూలు మీరే షాపుకు వెళ్లి, డబ్బు నేరుగా షాపు ఖాతాకు పంపి, జీఎస్టీ బిల్లు మీ పేరునే రాయించుకోండి. రేకు తుప్పు పట్టినా రంగు పోయినా కంపెనీ గ్యారంటీ అడగడానికి ఆ బిల్లే ఆధారం. మేస్త్రికి బయానాగా కొద్ది మొత్తం, ఫ్రేము వెల్డింగు, రెడ్ ఆక్సైడ్ పూత అయ్యాక కొంత, రేకులు బిగించాక కొంత ఇవ్వండి. కూలిలో కనీసం పది శాతం మంచి వర్షం పడి, ఎక్కడా కారడం లేదని చూసుకున్నాక ఇవ్వండి. ఈ పది శాతం దగ్గర చాలామంది మొహమాటపడతారు. మీరు పడకండి.

మాట ఇచ్చే ముందు అతను రెండు మూడేళ్ల కిందట చేసిన ఇళ్లకు వెళ్లండి. కొత్తగా చేసినవి చూడొద్దు, కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టాయా, వాటి కింద రబ్బరు వాషర్లు చిట్లాయా, వానలో కారుతోందా అని ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి, వాళ్లు ఉన్నది చెబుతారు. అతను సామాను కొనే హార్డ్‌వేర్ షాపులో కూడా ఒక మాట అడిగితే అప్పుల సంగతి తెలుస్తుంది. జీఎస్టీ నంబరు లేదని మాత్రం అనుమానించకండి, ఏడాదికి 20 లక్షల లోపు పనులు చేసేవాళ్లకు అది తప్పనిసరి కాదు. ఆధార్ కాపీ, ఇంటి అడ్రసు తీసుకోండి, నోటీసు పంపాలంటే అడ్రసు కావాలి.

ఒప్పందం స్టాంపు పేపరు మీద, తెలుగులోనే, ఇద్దరు సాక్షులతో రాసుకోండి. "మంచి రేకులు వేస్తాను" అనే మాట కోర్టులో ఎందుకూ పనికిరాదు. కంపెనీ, రంగు, మందం ఎన్ని మిల్లీమీటర్లు, ఆ మందం పూతతో కలిపా కలపకుండానా, పైపు సైజు, ఎంత దూరానికి ఒక పర్లిన్ (రేకులు బిగించే అడ్డ పైపు), రేకు మీద రేకు ఎంత ఎక్కాలి, మొదలు పెట్టే తేదీ, ముగించే తేదీ, ఇవన్నీ రాయాలి. రోజుకింత అని ఆలస్యపు జరిమానా రాసుకోవచ్చు, అయితే కోర్టు అందులో న్యాయమైన మేరకే ఇప్పిస్తుంది కాబట్టి భారీ అంకె వేసి లాభం లేదు. మొదటి రెండేళ్లు ఎక్కడ కారినా సొంత ఖర్చుతో బాగుచేస్తానని రాయించండి.

మన తీరంలో గాలి గురించి విడిగా ఒక వాక్యం ఉండాల్సిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని కప్పులు లేచిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. రేకు ఎగిరిపోతే "దైవాధీనం, నాదేం తప్పు" అంటారు. తుపాన్లు మామూలైన చోట గాలికి తట్టుకునేలా బిగించడం పనిలో భాగమే. చూరు అంచున, మూలల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయాలని, ఫ్రేమును గోడలోకి యాంకర్ బోల్టులతో పట్టించాలని ఇంజనీరును అడిగి, ఆయన చెప్పిన లెక్కను ఒప్పందంలో రాయండి.

మరో రెండు సంగతులు జనం మర్చిపోతారు. పాత కప్పు దించగా మిగిలిన దూలాలు, వాసాలు, పెంకులు ఎవరివో రాసుకోండి, మంచి కర్రకు ధర ఉంటుంది, రాయకపోతే అవి బండెక్కి పోతాయి. కొత్త చూరు పక్కవాళ్ల జాగాలోకి పొడుచుకు వెళ్లకుండా, నీళ్లు మీ హద్దులోనే పడేలా కొలత వేయించండి.

కాగితం మీద సంతకం పెట్టనంటాడేమో, కొందరు స్టాంపు పేపరు చూస్తేనే భయపడతారు. బలవంతం చేయకుండా ఈ షరతులన్నీ వాట్సాప్‌లో పంపి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు కూడా ఇవ్వనంటే ఇంకో మేస్త్రిని చూసుకోండి. పాతవాడికి మాత్రం ఇంజనీరు రిపోర్టు కాపీ జతచేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఈ వారమే పంపండి, రసీదు దాచుకోండి. 15 రోజులు దాటినా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి, కొత్తతన్ని కప్పు ఎక్కమనండి.