ఆల్ట్+ట్యాబ్ నొక్కితే రెండో పీడీఎఫ్ రావడం లేదా? ట్యాబ్ పైనున్న కీ నొక్కి చూడండి

విండోస్ నుంచి ఫెడోరా అనే లినక్స్‌కి మారాక, రెండు పీడీఎఫ్‌లు తెరిచి ఆల్ట్+ట్యాబ్ నొక్కితే ఒకటే ఐకాన్ కనిపిస్తోందని, రెండోదాని కోసం మౌస్ పట్టుకోక తప్పడం లేదని అడిగారు. మీ కంప్యూటర్లో లోపమేమీ లేదు. ఫెడోరాతో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో ఆల్ట్+ట్యాబ్ అప్లికేషన్లను మారుస్తుంది, విండోలను కాదు. ఎన్ని పీడీఎఫ్‌లు తెరిచినా అన్నిటికీ కలిపి ఐకాన్ ఒకటే. వాటిలో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ఆల్ట్ పట్టుకుని, ట్యాబ్‌కి సరిగ్గా పైన, 1 అంకెకి ఎడమ పక్కనున్న కీ నొక్కండి. మీరు తెలుగు కీబోర్డులో టైప్ చేస్తున్నా ఇది పనిచేస్తుంది. గ్నోమ్ ఆ కీని దాని మీదున్న అక్షరాన్ని బట్టి కాక, అది ఉన్న చోటును బట్టి గుర్తుపడుతుంది.

నేను విశాఖలో పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ (సరుకుకి కస్టమ్స్ పని చేసిపెట్టేవారు) ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు), మూడూ పీడీఎఫ్‌లే. పక్కనే లిబ్రేఆఫీస్ స్ప్రెడ్‌షీట్ క్యాల్క్‌లో చెక్‌లిస్టు, బ్రౌజర్‌లో ఇంకో నాలుగు పేజీలు ఉంటాయి. చేరిన కొత్తలో ఒకే సప్లయర్ పంపిన రెండు ఇన్‌వాయిస్‌లు తెరిచి ఉంచి, ఒకదాని బరువు ఇంకోదాని చెక్‌లిస్టులో వేశాను. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ఏది ముందుకొచ్చిందో గమనించుకోలేదు. మా సీనియర్ కస్టమ్స్ ఫైలింగ్‌కి ముందే పట్టుకున్నారు. అది అలాగే వెళ్లి ఉంటే సవరణ కోసం తిరగాలి, ఆ రోజులన్నీ కంటైనర్ మీద డబ్బు పెరుగుతూ ఉంటుంది. ఆ టెన్షన్ తర్వాతే ఈ షార్ట్‌కట్లు కూర్చుని నేర్చుకున్నాను.

అందుకే మీకు నా సలహా, ఆ పై కీతో ఆగిపోకండి. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో వ్యూ అండ్ కస్టమైజ్ షార్ట్‌కట్స్, ఆ లోపల నావిగేషన్ తెరవండి. స్విచ్ విండోస్ అన్న వరస మీద నొక్కి ఆల్ట్+ట్యాబ్ ఇవ్వండి. అది ఇప్పటికే వాడుకలో ఉందంటుంది, రీప్లేస్ నొక్కేయండి. ఇక ప్రతి పీడీఎఫ్ విడిగా, దాని చిన్న బొమ్మతో సహా కనిపిస్తుంది.

దీనికి వర్క్‌స్పేస్‌లు, అంటే విండోలను విడివిడిగా పెట్టుకునే వేర్వేరు తెరలు, తోడైతేనే అసలు లాభం. నేను ఒక్కో కన్‌సైన్‌మెంట్‌కి (ఒక్కో దఫా సరుకుకి) ఒక్కో వర్క్‌స్పేస్ పెట్టుకుంటాను. సూపర్ కీ, అంటే విండోస్ గుర్తున్న కీ, పట్టుకుని పేజ్ డౌన్ నొక్కితే తర్వాతి వర్క్‌స్పేస్, పేజ్ అప్ నొక్కితే వెనకటిది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే ఎదురుగా ఉన్న విండో కూడా మనతో వస్తుంది. స్విచ్ విండోస్ మామూలుగా మనమున్న వర్క్‌స్పేస్‌లోని విండోలనే చూపిస్తుంది. కాబట్టి పక్క కన్‌సైన్‌మెంట్ ఇన్‌వాయిస్ అసలు ఆ వరసలోకే రాదు. నేను చేసిన తప్పుకి దారి అక్కడే మూసుకుపోతుంది.

ఒకే విండోలోపల తెరిచే ట్యాబ్‌లకైతే కంట్రోల్+పేజ్ డౌన్, కంట్రోల్+పేజ్ అప్ గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, గ్నోమ్ టెర్మినల్, ఫైల్స్ యాప్, అన్నిట్లోనూ అవే. క్యాల్క్‌లో షీట్లు కూడా వాటితోనే మారతాయి. ల్యాప్‌టాప్‌లో పేజ్ అప్ కీ విడిగా లేకపోతే ఎఫ్ఎన్ పట్టుకుని పై బాణం నొక్కి చూడండి, చాలావాటిలో అక్కడే ఉంటుంది.

విండోస్ అలవాటుతో మీకు తడబాటు వచ్చేది ఒక చోట. అక్కడ ఫైర్‌ఫాక్స్‌లో మూడో ట్యాబ్‌కి కంట్రోల్+3 నొక్కేవారు కదా, లినక్స్‌లో అది ఆల్ట్+3. ఆల్ట్+9 ఎప్పుడూ చివరి ట్యాబ్‌కే వెళ్తుంది. పొరపాటున మూసేసిన ట్యాబ్ మాత్రం రెండు చోట్లా కంట్రోల్+షిఫ్ట్+టితోనే తిరిగొస్తుంది.

మే నెలలో ఇక్కడి ఉక్కపోతకి వేళ్లు చెమటపట్టి టచ్‌ప్యాడ్ మీద పాయింటర్ నిలవదు. మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన ఆ గంటలో ల్యాప్‌టాప్ మీద నేను పని నడిపేది ఈ కీలతోనే. ముందు ఆల్ట్+ట్యాబ్ మార్చుకుని రెండు రోజులు వాడండి, వర్క్‌స్పేస్‌లు ఆ తర్వాత మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే మీ గ్నోమ్ వెర్షన్ ఏదో చెప్పి అడగండి, చూసి చెబుతాను.