ఆయన 'నేను' పోయిందట, మరి అమ్మాయి ఫీజు?

ఖమ్మం నుంచి ఒక గృహిణి: "మా వారు గవర్నమెంట్ టీచరు, 44 ఏళ్లు. పోయినేడు పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చారు. అక్కడ ఒక తెల్లవారుజామున 'నేను' అన్నదే లేకుండా పోయిందట, అంతా వెలుగేనట. అప్పటి నుంచి మాతో మాట తక్కువ. అమ్మాయి ఇంటర్ ఫీజు అడిగితే ఇదంతా మాయ అని విసుక్కుంటారు. రాజీనామా చేసి అరుణాచలం వెళ్లిపోతానని కాగితం కూడా రాసి పెట్టుకున్నారు. మా అత్తగారేమో నా కడుపున మహానుభావుడు పుట్టాడని అందరికీ చెప్పుకుంటున్నారు. ఇది నిజంగా ఆధ్యాత్మిక స్థితేనా, లేక మతి తప్పుతోందా?"

అమ్మా, మీ వారు అబద్ధం చెబుతున్నారని నేననుకోవడం లేదు. రోజుల తరబడి మాటాపలుకూ లేకుండా కూర్చున్నవాళ్లలో కొందరికి ఒంటి హద్దులు చెరిగిపోయినట్టు, తాను వేరు లోకం వేరు కాదన్నట్టు అనిపిస్తుంది. అన్ని మతాలవాళ్లూ ఈ మాట చెప్పారు, ఏ మతమూ లేనివాళ్లూ చెప్పారు. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో ఇలాంటి అనుభవాలు బోలెడు పోగేసి చూసి, మాటల్లో పెట్టలేకపోవడం, ఏదో పరమసత్యం తెలిసిపోయిందన్న గట్టి నమ్మకం, మన ప్రమేయం లేకుండా ఎవరో పట్టుకున్నట్టుండటం వీటి లక్షణాలన్నారు. ఇంకోటి కూడా అన్నారు, అది ఎక్కువసేపు నిలవదని. అరగంట, మహా అయితే గంటో రెండు గంటలో. అంటే ఆ తెల్లవారుజామున వచ్చింది ఆ పూటే వెళ్లిపోయింది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నది దాని జ్ఞాపకం, దాని చుట్టూ పెరుగుతున్న 'నాకు నేను పోయింది' అనే ఓ కొత్త నేను. ఇది పాతదానికంటే మొండిది, పైగా దీనికి మీ అత్తగారు రోజూ హారతి పడుతున్నారు.

ఆయన రమణ మహర్షిని ఉదాహరణగా చూపించే ఉంటారు. 1896లో మధురైలో, పదహారేళ్ల వయసులో మరణానుభవం కలిగిన ఆరు వారాలకు ఆయన ఇల్లు విడిచి అరుణాచలం వెళ్లిపోయారు, నిజమే. కానీ ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అన్నగారి కాలేజీ ఫీజుకని ఇచ్చిన అయిదు రూపాయల్లో రైలు ఖర్చుకు మూడే తీసుకుని, మిగతా రెండూ చీటీతో పాటు పెట్టి, ఫీజు ఇంకా కట్టలేదని అందులో రాసి మరీ వెళ్లారు! తర్వాత 1916లో తల్లి అళగమ్మ వచ్చి దగ్గరే ఉండిపోతే పొమ్మనలేదు. 1922లో ఆవిడ పోయేరోజు పక్కనే కూర్చుని ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టుకుని ఉన్నారు. ఆశ్రమంలో తెల్లారకముందే వంటింట్లో కూరగాయలు తరిగేవారు. సంసారం వదిలేస్తామని వచ్చినవాళ్లను మాత్రం, ఎక్కడికి పోయినా మనసు వెంటే వస్తుంది కదా అని ప్రోత్సహించేవారు కాదు.

గీత పద్నాలుగో అధ్యాయంలో అర్జునుడు కూడా గుణాతీతుడి, అంటే సత్వ రజస్తమో గుణాలను దాటినవాడి గుర్తులేమిటి, నడత ఎలా ఉంటుంది అనే అడిగాడు, వాడికి ఎంత వెలుగు కనిపించింది అని కాదు. కృష్ణుడి జవాబులో నిందా స్తుతీ సమానం అని ఉంది. ఫీజు మాటకు విసుక్కుని తల్లి పొగడ్తకు ఊరుకునే మనిషి ఇంకా అక్కడికి చేరలేదనే నా అభిప్రాయం. అలాగని ఈ శ్లోకం ఆయన మొహాన కొట్టకండి, పెళ్లాం నోట గీత వినే మూడ్‌లో ఏ మొగుడూ ఉండడు.

ఇక మతి సంగతి. మీరు రాయనివి కొన్ని గమనించండి. రాత్రి రెండు మూడు గంటలే పడుకుని కూడా హుషారుగా ఉంటున్నారా, డబ్బు ఉన్నట్టుండి పంచిపెడుతున్నారా, ఎవరో చెవిలో ఆజ్ఞలు ఇస్తున్నారంటున్నారా, లేక ఏదీ రుచించక, ఏదీ నిజం కానట్టు మొద్దుబారి ఉన్నారా? వీటిలో ఏది ఉన్నా సైకియాట్రిస్టుకు చూపించాలి, ఆలస్యం చేయొద్దు. ధ్యానం మరీ ఎక్కువైనా కొందరికి ఈ మొద్దుబారడం వస్తుంది, డిప్రెషన్‌లోనూ వస్తుంది, బయటికి మాత్రం వైరాగ్యంలాగే కనిపిస్తుంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అవేవీ లేకపోతే, ఒక సాయంత్రం అత్తగారూ అమ్మాయీ లేనప్పుడు టీ ఇచ్చి, ఆ రోజు ఏమైందో మొత్తం చెప్పమనండి. మధ్యలో అడ్డు రావద్దు, ఆ రోజు ఫీజు మాట ఎత్తొద్దు. ఇంట్లో ఎవరూ దాన్ని సరిగ్గా విననందుకే ఆయన అంత బిగుసుకుపోయారేమో. ఇంకో రోజు ఇంటి ఖర్చుల కాగితం ముందు పెట్టి, రాజీనామా ఆపి సెలవు పెట్టమనండి, గిరిప్రదక్షిణకు మేమూ వస్తాం, ఆ 14 కిలోమీటర్లూ కలిసి నడుద్దాం అనండి. జీతం పడ్డ రోజే ఫీజు డబ్బు విడిగా తీసి పెట్టే ఏర్పాటుకు ఒప్పించండి, ఇక్కడ మొహమాటపడొద్దు. మీకు కోపం రావడం కూడా తప్పేం కాదు, మీ చేత అడక్కుండానే సంసారమంతా మోయిస్తున్నారు కదా.

ఆ కాగితం ఒకసారి ఆఫీసులో ఇచ్చేస్తే వెనక్కి తీసుకోవడం కష్టం, కాబట్టి ఆయన నమ్మే కొలీగ్‌కో, ఆ శిబిరం ఆచార్యుడికో ఈ వారమే ఫోన్ చేయండి. అనుభవాన్ని పట్టుకుని వేలాడొద్దని మంచి ఆచార్యులు ఎలాగూ చెబుతారు, మీరు చెబితే వినకపోయినా వాళ్లు చెబితే వినొచ్చు.