ఫైబర్ చదువు మా అమ్మాయికి ఎందుకు అంటున్న కావలి నాన్నగారికి

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బి.టెక్ మెకానికల్ ఫైనలియర్. జనపనార, గ్లాస్ ఫైబర్ కలిపి ఎపాక్సీతో హైబ్రిడ్ కాంపోజిట్ అని ప్రాజెక్టు చేసింది. ఇప్పుడు ఎం.టెక్ కూడా అందులోనే అని పట్టుబట్టింది. మేం హైదరాబాదులో ఏఐ కోర్సు చేయించి సాఫ్ట్‌వేర్‌లో పెడదాం అనుకుంటున్నాం. ఆడపిల్ల ఆ రెసిన్ వాసనల్లో పనిచేయడం మాకు ఇష్టం లేదు, అది వేరే సంగతి. ఈ ప్లాస్టిక్ చదువుకి స్కోప్ ఉందా? రెండూ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, కావలి)

అన్నగారూ, వేరే సంగతి అన్నారే, అసలు సంగతి అదే. కోర్సు పేరు మారుతుందే గానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. సివిల్ చదివిన ఆడపిల్లల నాన్నలు సైటు మీద ఎండ గురించి అడుగుతారు, మీరు వాసన గురించి అడిగారు. కాబట్టి ముందు అదే చూద్దాం.

రెసిన్ అంటే నారల్ని పట్టి ఉంచి, తర్వాత గట్టిపడే జిగురు లాంటి ద్రవం. ఘాటు వాసన పాలియెస్టర్ రెసిన్‌ది, అందులో స్టైరీన్ అనే రసాయనం ఉంటుంది. మన తీరం వెంట ఫైబర్ బోట్లు రిపేరు చేసే చోట నిలబడితే ముక్కు అదిరిపోతుంది, మీ మనసులో ఉన్న ఫ్యాక్టరీ బహుశా అదే. మీ అమ్మాయి వాడిన ఎపాక్సీ మరో రకం రెసిన్, దానికి అంత ఘాటు ఉండదు గానీ గ్లౌజులు లేకుండా ముట్టుకుంటే కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, ఒకసారి ఆ ఎలర్జీ పట్టుకుంటే మళ్లీ వదలడం కష్టం. అది మగపిల్లలకీ అంతే. విమాన భాగాలు చేసేచోట అయితే దుమ్ము పడని ఏసీ గదిలో, తలకి టోపీ పెట్టుకుని నార పొరలు పరుస్తారు. డిజైన్, టెస్టింగ్ వాళ్లు చాలాసేపు కంప్యూటర్ ముందే ఉంటారు. ఇంతకీ అమ్మాయికి లేని భయం మీకేంది?

ప్లాస్టిక్ చదువు అన్నారు కదా, బకెట్ ప్లాస్టిక్‌ని కరిగించి మళ్లీ పోత పోయొచ్చు. ఎపాక్సీ లాంటి థర్మోసెట్‌కి హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపాక అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి, కాల్చిన ఇటుక మళ్లీ మట్టి కానట్టే ఇక అది కరగదు. మీ ఫోను లోపలి బోర్డు గాజుగుడ్డ, ఎపాక్సీలతో చేసిందే. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పగుళ్లున్న పలకలకి పట్టించేదీ ఆ జాతి రెసినే, చీమకుర్తిలో ఎవరైనా తెలిసినవాళ్లుంటే అడగండి. నారని రెసిన్‌లో పరిచి గట్టిపరిస్తే అది కాంపోజిట్. ఇక హైబ్రిడ్ అంటే ఒకే రెసిన్‌లో రెండు రకాల నారలు. కార్బన్ తేలిక, బిగువు, కానీ ఖరీదు, పైగా విరిగేటప్పుడు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. గ్లాస్ బరువు, చవక, తెగేముందు కాస్త ఎక్కువ సాగుతుంది. అందుకే కొన్ని పెద్ద గాలిమర రెక్కల్లో ప్రధానంగా భారం మోసే పట్టీకి కార్బన్ వేసి మిగతాది గ్లాస్‌తో కానిస్తారు.

ఇంతవరకూ చదివి, నేను అమ్మాయి పక్షమని ఆమె సంబరపడితే అదీ తప్పే. నాకు అనుమానం ఆ జనపనార మీద. మెకానికల్ ల్యాబుల్లో ఇదో ఫ్యాషన్ అయిపోయింది. అరటినార, తాటినార, కొబ్బరిపీచు, ఏది దొరికితే అది తెచ్చి, శాతం మార్చి, మెషిన్‌లో పెట్టి లాగి, గ్రాఫు గీసి పేపర్ వేయడం. 100 గ్రాముల రెసిన్‌కి 10 గ్రాముల హార్డెనర్ తూచి కలుపుతారు, మైనం రాసిన అచ్చులో పొర పొరకీ రోలర్ తిప్పి బుడగలు తీస్తారు, బాగుంది. కప్పులో మిగిలిపోయింది చెయ్యి పెట్టలేనంత వేడెక్కి పొగలు కూడా వస్తాయి, అచ్చులో పల్చగా పరిచిందేమో అంత వేడెక్కదు, ఎందుకని అడిగితే చాలామంది నోరు మెదపరు. జనపనార తేమ పీలుస్తుంది, ఎపాక్సీకి సరిగా అతుక్కోదు, కాబట్టి ముందు కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడతారు. ఎంతసేపు, ఎక్కువసేపు నానితే నార ఏమవుతుంది? సీనియర్లు చేశారు కాబట్టి మేమూ చేశాం అంటారు. రిపోర్టు అట్ట మీద మాత్రం పర్యావరణహితం అని పెద్ద అక్షరాలు. నార కుళ్లుతుంది సరే, చుట్టూ ఉన్న ఎపాక్సీని ఏం చేస్తారు? పాత గాలిమర రెక్కల్ని కొన్ని దేశాల్లో ముక్కలు కోసి భూమిలో పూడ్చింది ఈ చిక్కు వల్లే. గట్టిపడ్డాక కూడా వేడికి మళ్లీ మలచగలిగే విట్రిమర్లు అనే రెసిన్లని 2011లో ఫ్రాన్స్‌లో చేసి చూపించారు, అమ్మాయికి నిజంగా ఆ ధ్యాస ఉంటే అటు చదవమనండి.

ఆమె మనసులో షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఉండే ఉంటుంది, మేడ ఎక్కి రాకెట్లు చూస్తూ పెరిగిన పిల్లలు కదా. పీఎస్‌ఎల్‌వీ మూడో దశ మోటారు కేసు (ఇంధనం ఉండే డొల్ల) కెవ్లార్ అనే గట్టి నార, ఎపాక్సీలతో చేసిన మాట నిజమే. కానీ శ్రీహరికోట ప్రయోగ కేంద్రం మాత్రమే, ఇస్రో కాంపోజిట్స్ పని ప్రధానంగా తిరువనంతపురంలో. ఇంటి పక్కనే ఉద్యోగం అనే లెక్క అమ్మాయిదైనా మీదైనా మానుకోండి.

మీరడిగిన పోలిక చిన్నదే. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ రావచ్చు, వస్తే. నాలుగేళ్లు మెకానికల్ చదివిన పిల్ల కొన్ని నెలల కోర్సుతో, నాలుగేళ్లు కోడింగే చేసిన వాళ్ల పక్కన క్యూలో నిలబడాలి, అదీ ఇష్టం లేకుండా. పక్కింటి వాళ్లబ్బాయికి వచ్చిందని మీరు అనుకుంటూ ఉంటే, అదీ ఒక కారణమా అన్నగారూ? మీరు స్కోప్ అని నన్ను అడిగారు, ల్యాబులో ఏం చేశావమ్మా అని ఆమెని ఎప్పుడైనా అడిగారా? ప్రాజెక్టులో విరిగిన ముక్కని ఇంటికి తెమ్మనండి. ఎక్కడ నార తెగింది, ఎక్కడ తెగకుండా రెసిన్‌లోంచి ఊడొచ్చింది, పొర ఎక్కడ విడిపోయింది, ఆ అంచు చూపించి చెప్పమనండి. చెప్పగలిగితే దిగులు పెట్టుకోకుండా పంపండి, అలాంటి పిల్ల కాంపోజిట్స్‌లో కాకపోతే టెస్టింగ్‌లో, క్వాలిటీలో, ఇంకెక్కడైనా నిలబడుతుంది. చెప్పలేకపోతే ఏఐ కోర్సు కూడా ఆమెని కాపాడదు.

ఎం.టెక్ సీట్లకి రాసే గేట్ పరీక్ష సంగతి ఆమెకి తెలిసే ఉంటుంది. ఆ స్కోరుతో ఐఐటీలోనో ఎన్ఐటీలోనో సీటు వస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది, మీ మీద భారం తగ్గుతుంది. రాకపోతే మాత్రం అప్పుచేసి ప్రైవేటు కాలేజీలో ఎం.టెక్ వద్దు, ఏరోస్పేస్ కాంపోజిట్స్ సర్టిఫికెట్ అని మూడు నెలలకి లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి అసలే వద్దు. ఎఫ్‌ఆర్‌పీ (గాజునార కలిపిన ప్లాస్టిక్) ట్యాంకులో, పైపులో చేసే కంపెనీలో ఒక ఏడాది పనిచేసి మళ్లీ గేట్ రాయమనండి. ఏ ఊరో, షిఫ్టులు ఎలా ఉంటాయో, హాస్టల్ ఉందో లేదో, అవి మీరు వెళ్లి చూసి రండి, ఆ హక్కు మీకుంది.