నో హైట్ వచ్చిందని మాన్పించొద్దు

అన్నా, తిరుపతి మీట్‌లో మీ తమ్ముడు తక్కువ ఎత్తులన్నీ దూకకుండానే వదిలేసి (పాస్ చేసి), మొదలుపెట్టిన ఎత్తు మూడుసార్లూ దాటలేక, అంటే ఏ ఎత్తూ నమోదు కాక (నో హైట్), ఇప్పుడు పోల్ వాల్ట్ (పొడవాటి కర్ర సాయంతో ఎత్తు దూకే ఆట) మానేస్తానంటున్నాడని రాశారు కదా, దయచేసి మాననివ్వకండి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పోల్ వాల్టర్ సెర్గీ బుబ్కా కూడా ఒక్క ఎత్తూ దాటలేకపోయాడు, అప్పటికే ప్రపంచ రికార్డు ఆయనదే; 1994లో మళ్లీ 6.14 మీటర్లు దూకాడు.

ఈసారి ప్రాక్టీసులో సులువుగా దాటే ఎత్తులోనే మొదలుపెట్టమనండి. టెన్షన్‌లో రన్నప్ అడుగులు మారిపోయి, పైకి లేచే కాలు బాక్స్‌కు (పోల్ కొన దింపే గుంటకు) మరీ దగ్గరగా పడుతుంది, చాలామందికి దెబ్బ అక్కడే. కుడిచేతి వాటమైతే ఎడమ కాలు, పోల్‌ను పైన పట్టుకున్న చేతికి సరిగ్గా కింద పడాలి. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కు వెళ్లినప్పుడు పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి చూడండి.

ఇంకొకటి, పోల్ మీద రాసిన బరువు (అది ఎంత బరువు మనిషిని ఆపగలదో) వాడి బరువుకన్నా తక్కువైతే ఆ పోల్ అసలు ముట్టుకోనివ్వొద్దు, విరగొచ్చు.