సాఫ్ట్‌బాల్ అవుట్‌ఫీల్డర్ మొదటి అడుగు ఎటు వేయాలి?

పదమూడేళ్ళ మీ అమ్మాయి క్రికెట్ నుంచి ఈ ఏడాదే సాఫ్ట్‌బాల్‌కు మారిందనీ, బెంగళూరులో బడి జట్టుకు సెంటర్ ఫీల్డ్‌లో, అంటే మైదానం లోతున నిలబడే ముగ్గురు అవుట్‌ఫీల్డర్లలో నడిమి స్థానంలో, ఆడుతోందనీ, బ్యాటర్ కొట్టగానే ముందుకు ఉరకడం వల్ల బంతి తల మీదుగా వెళ్ళిపోతోందనీ రాశారు. మొదటి అడుగు ఎప్పుడూ వెనక్కే వేయాలని ఒక కోచ్, కదలకుండా నిలబడి చూడాలని మరొక కోచ్ చెబుతుంటే ఎవరి మాట వినాలని అడిగారు. నేను అనంతపురంలో చదువుకున్న రోజుల్లో ఆరేళ్ళపాటు సెంటర్ ఫీల్డ్‌లోనే ఆడాను. ఇప్పుడు ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటూ, ఆదివారాలు మారతహళ్ళి దగ్గర ఒక మైదానంలో పిల్లలకు నేర్పుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: గాలిలో తన వైపుకు వచ్చే ప్రతి బంతికీ మొదటి అడుగు వెనక్కే వేయమని ఈ మొదటి ఏడాదంతా మీ అమ్మాయికి చెప్పండి. నేలబారున వచ్చే బంతికి ఈ నియమం లేదు, దానికి ముందుకే వెళ్ళాలి.

అవుట్‌ఫీల్డర్ వెనక ఆదుకునేవారు ఎవరూ ఉండరు. దగ్గరలో పడే బంతికి ఒక అడుగు ఆలస్యమైతే అది ముందు పడుతుంది, పరుగు కోసం వరుసగా చుట్టి రావలసిన నాలుగు బేస్‌ల్లో బ్యాటర్ చాలావరకు మొదటిదాని దగ్గరే ఆగుతుంది. లోతుగా వెళ్ళే బంతికి అదే ఒక్క అడుగు తప్పితే, బేస్‌కూ బేస్‌కూ మధ్య దూరం 60 అడుగులే కాబట్టి, మనం బంతిని వెతికి తెచ్చేలోగా బ్యాటర్ మూడో బేస్ దాటుతూ ఉంటుంది. అంతర్జాతీయ మహిళల పోటీల్లో సాధారణంగా హోమ్ ప్లేట్‌కు (బ్యాటర్ నిలబడే చోటు, చివరికి తిరిగి చేరే బేస్) 220 అడుగుల దూరంలో కంచె ఉంటుంది కాబట్టి బంతి అక్కడైనా ఆగుతుంది. మన పిల్లలు ఆడే మైదానాల్లో చాలావాటికి ఆ కంచె కూడా లేదు.

ఈ పాఠం నేను ఒక విశ్వవిద్యాలయ పోటీలో నేర్చుకున్నాను. ఆఖరిదైన ఏడో ఇన్నింగ్స్, రెండు అవుట్‌లు అయ్యాయి, ఇంకొక్కటి చాలు, మేము ఒక్క పరుగు ముందున్నాం, రెండో బేస్ మీద రన్నర్ ఉంది. బంతి సరిగ్గా నా మీదికే వచ్చింది. బ్యాట్ శబ్దం మందంగా వినిపించడంతో దగ్గరలోనే పడుతుందనుకుని రెండు అడుగులు ముందుకు వేశాను. మూడో అడుగు ఎత్తేసరికి బంతి ఇంకా పైకి లేస్తూనే ఉంది. ఆగి, తిరిగి, పరుగెత్తి గ్లవ్ చాచాను. బంతి గ్లవ్ కొసను రాసుకుంటూ వెనక పడి, మైదానం అంచున ఉన్న వేపచెట్ల దాకా దొర్లుకుంటూ పోయింది. రన్నర్, బ్యాటర్ ఇద్దరూ హోమ్ ప్లేట్ చేరి పరుగులు తీశారు, మేము ఓడిపోయాం. వెనక్కి పరుగెత్తడానికి నాకు కాళ్ళలో సత్తువ లేక కాదు, ఆ రెండు అడుగులు వేయడానికీ వాటిని వెనక్కి తీసుకోవడానికీ పట్టిన సమయమే బంతిని నా చేతికి అందకుండా చేసింది.

ఎదురుగా వచ్చే బంతి ఎంత దూరం వెళుతుందో తెలుసుకోవడం ఎందుకంత కష్టమో పిల్లలకు వివరించడం మంచిది. పక్కనుంచి చూసేవారికి బంతి గీసే వంపు అంతా కనిపిస్తుంది, దాని దారిలో నిలబడ్డవారికి కేవలం పైకి లేవడమే కనిపిస్తుంది. 1968లో సెవిల్ చాప్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి, దీనికొక వివరణ ఇచ్చాడు. నిలబడి చూస్తున్న ఆటగాడి కంటికి బంతి ఒకే వేగంతో పైకి లేస్తూ ఉంటే అది చేతికే వస్తుంది, ఆ లేవడం అంతకంతకూ వేగం పుంజుకుంటే తల మీదుగా పోతుంది, మందగిస్తే ముందు పడుతుంది. అయితే ఈ తేడా బంతి బ్యాట్‌ను వదిలిన క్షణంలోనే కంటికి ఆనదు, కాస్త సమయం పడుతుంది. ఆ సమయంలో మనిషి ఊరికే నిలబడకుండా, ముందుకూ పోకుండా, ఒక అడుగు వెనక్కి వేసి చూడటమే ఇద్దరు కోచ్‌ల మాటలకూ కుదిరే దారి.

మీ అమ్మాయి ముందుకు ఉరకడానికి కారణం భయమో తొందరో కాదు, క్రికెట్ అలవాటు అని నా గట్టి నమ్మకం. బౌలర్ పరుగు మొదలుపెట్టగానే ఫీల్డర్లు నడుస్తూ లోపలికి రావడం క్రికెట్‌లో మంచి పద్ధతే. సాఫ్ట్‌బాల్‌లో అదే నడక బంతి బ్యాట్‌కు తగిలే వేళకు శరీరం బరువునంతా ముందుకు తోసి ఉంచుతుంది, ఆ బరువు మీద వెనక్కి తిరగడం ఎవరికైనా కష్టమే. దానికి బదులు పిచర్ (బంతి విసిరే అమ్మాయి) చెయ్యి గిర్రున తిరుగుతున్నప్పుడు చిన్నగా ఒకటి రెండు అడుగులు కదిలి, బంతి బ్యాటర్‌ను చేరే క్షణానికి రెండు పాదాలూ సమంగా నేల మీద ఆనేలా, మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు మోకాళ్ళ మీద కాకుండా ముందు ఉంచి నిలబడాలి. మహిళల ఆటలో పిచర్‌కూ ప్లేట్‌కూ మధ్య దూరం 43 అడుగులే కాబట్టి బంతి అర సెకను తిరగకముందే బ్యాటర్ దగ్గర ఉంటుంది, సిద్ధం కావడానికి రెండో అవకాశం దొరకదు.

వెనక్కి అడుగు అంటే ఒళ్ళు తిప్పకుండా వెనక్కి తప్పటడుగులు వేయడం కాదు. మేము డ్రాప్ స్టెప్ అనే ఆ కదలికలో, బంతి కుడి భుజం వైపు వెళుతుంటే కుడి పాదాన్ని వెనక్కి తిప్పి పెట్టాలి, దానితోపాటు నడుము కూడా ఆ వైపుకు తిరగాలి, ఆ వెంటనే ఎడమ కాలు దాటించి బంతిని భుజం మీదుగా చూస్తూ మామూలుగా పరుగెత్తాలి. ఎడమ వైపుకైతే ఇదే తిరగేసి. వెనక్కి చూడకుండా వెనక్కి నడిచే పిల్లలు ప్రతి అడుగుకూ తల ఎగిరి బంతి రెండుగా కనిపిస్తుందని చెబుతారు, కొందరు మడమ తట్టుకుని పడతారు కూడా. బంతి సరిగ్గా నెత్తి మీదుగా పోతున్నప్పుడు ఏదో ఒక వైపు ఎంచుకుని వెంటనే తిరగాలి. తర్వాత బంతి రెండో వైపుకు జరిగితే ఆగకుండా తల మాత్రం అటు తిప్పితే సరిపోతుంది.

బెంగళూరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు కావడంతో ఇక్కడ గాలి కొంచెం పలచన, బంతి నెల్లూరులోనో చెన్నైలోనో పోయేదానికన్నా కాస్త దూరం పోతుంది. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి బలంగా వీస్తుంది. ప్రతి ఇన్నింగ్స్‌కు ముందు నాలుగు గడ్డిపోచలు తుంచి ఎగరేసి చూడమనండి, గాలి బ్యాటర్ వైపు నుంచి తన మీదికి వీస్తుంటే మామూలుకన్నా రెండు మూడు అడుగులు లోతుగా నిలబడమనండి.

ఇంటి దగ్గర సాధనకు బ్యాట్ అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ పార్కులో ఆమెకు పది అడుగుల దూరంలో నిలబడి, చేతితో కుడికో ఎడమకో చూపండి, ఆమె ఆ వైపుకు పాదం తిప్పి ఐదు అడుగులు పరుగెత్తాలి. అప్పుడు టెన్నిస్ బంతిని ఆమె భుజం మీదుగా విసరండి. రోజుకు ఇరవై సార్లు చాలు. మైదానంలో నేను చేయించే మరో పని బంతిని పట్టుకోనివ్వకపోవడం: నేను కొడతాను, పిల్లలు గ్లవ్ కింద పెట్టి, ఒక్క అడుగు వేసి, 'ముందు' అనో 'వెనక' అనో అరవాలి, ఆ తర్వాత అందరం బంతి ఎక్కడ పడిందో చూస్తాం. తెలుగు, కన్నడ, తమిళ పిల్లలు కలిసి ఉండటంతో మొదట్లో ఒకరు 'నాది' అనీ ఒకరు 'నందు' అనీ అరిచి ఢీకొనేవారు. ఇప్పుడు బంతి కోసం అందరూ 'మైన్' అనే అరుస్తారు, సెంటర్ ఫీల్డర్ అరిస్తే మిగతా ఇద్దరు అవుట్‌ఫీల్డర్లూ తప్పుకుంటారు.

వచ్చే మ్యాచ్‌లో మీరు బంతిని చూడకండి, బంతి బ్యాట్‌కు తగిలే క్షణంలో మీ అమ్మాయి పాదాలను మాత్రమే చూడండి. రెండూ నేల మీద ఉన్నాయా, లేక ఒకటి గాలిలో ఉండి ముందుకు పడుతోందా, కదిలినప్పుడు ఏ పాదం ముందు కదిలింది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, నాలుగు మ్యాచ్‌ల తర్వాత ఇక్కడే రాయండి. దాన్ని బట్టి ముందుకు వెళ్ళే అడుగు ఆమెకు ఎప్పుడు నేర్పవచ్చో చెబుతాను.